డబ్బావి 180, నీవి 390

ప్రశ్న: సిస్టరమ్మా, నమస్తే. మాది హుజూరాబాద్ దగ్గర పల్లె. తొలి కాన్పు. హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో ఆపరేషన్ చేశారు. పాప పుట్టినప్పుడు 2.8 కిలోలు. నాకు పాలు పడలేదని మొదటి రెండు రోజులు పౌడర్ పాలే పట్టారు. ఐదో రోజు ఇంటికి వచ్చేటప్పుడు 2.6 కిలోలుంది. అప్పటి నుంచి నా పాలే ఇచ్చాను. 14వ రోజు ఆశమ్మ తూస్తే 2.85 ఉంది. 21వ రోజు తొట్టెల చేసినం. ఇంటి నిండా చుట్టాలు, పాప ఒకటే ఏడుపు. "దానికి పాలు చాల్తలేవు, ఎట్ల ఎండిపోయిందో చూడు" అని అత్తమ్మ, "నీ పాలు నీళ్ల లెక్క ఉన్నయి" అని మా పెద్దమ్మ. ఆ రోజే డబ్బా తెచ్చారు. ఇప్పుడు రోజుకు మూడుసార్లు, 60 ఎంఎల్ చొప్పున తాగుతోంది. మొన్న 45వ రోజు నెలన్నర సూదికి తీసుకుపోతే 3.8 కిలోలు. పొద్దూకి ఆరు నుంచి పది దాకా నా దగ్గర తాగుడు, వదులుడు, ఏడ్చుడు. డబ్బా పట్టగానే పడుకుంటది. నా చనుమొనలు పగిలి రక్తం వస్తోంది. పాప నోరు తెరిస్తే చాలు, భయమేస్తోంది. మొదట్లోలా పాలు గడ్డ కట్టడం లేదు, జాకెట్టు తడవడం కూడా లేదు. మా ఆయన దుబాయిలో ఉంటాడు. వీడియో కాల్‌లో చూసి "బక్కగైంది, డబ్బా పెంచు" అంటున్నాడు. రెండు నెలలైతే నేను మళ్లీ స్కూలుకు పోవాలె, ప్రైవేటు టీచర్ని. నాకు నిజంగానే పాలు లేవా? రాత్రిళ్లు పాపతోపాటు నేనూ ఏడుస్తున్నా.
– ఒక బాలింత, హుజూరాబాద్

జవాబు: బిడ్డా, ఒక కాగితం, పెన్ను తీసుకో. ముందు లెక్క చేద్దాం, తర్వాత ఏడుద్దాం.

ఈ వయసు పిల్లకు రోజు మొత్తం మీద కిలోకు 150 ఎంఎల్ పాలు కావాలని పిల్లల వార్డులో మేం లెక్క గట్టేవాళ్లం. నీ పాప 3.8 కిలోలు. అంటే సుమారు 570 ఎంఎల్. డబ్బావి మూడు అరవైలు, 180. మరి మిగతా 390 ఎక్కడివి? పావు లీటరు పాల ప్యాకెట్ ఉంటది కదా, అలాంటివి ఒకటిన్నర. పగిలిన చనుమొనలతో, కుట్లు పూర్తిగా మానని కడుపుతో, రోజూ అన్ని పాలు నువ్వే ఇస్తున్నావు. "పాలు లేవు" అని నీ నోటితో నువ్వే రాశావు. మూడింట రెండు వంతులు నీ పాలు తాగే పిల్ల గురించి ఆ మాట రాశావు.

ఇంకో లెక్క. పుట్టిన బిడ్డ మొదటి నాలుగైదు రోజుల్లో కొంత తగ్గుతది. నూటికి పది వంతుల లోపయితే మేం భయపడం. నీ పాప తగ్గింది 200 గ్రాములు, నూటికి 7 వంతులు. పుట్టిన తూకానికి రెండు వారాల్లో తిరిగి రావాలి. నీ పాప 14వ రోజుకే దాన్ని దాటేసింది. ఐదో రోజు నుంచి 14వ రోజు దాకా డబ్బా ముట్టలేదన్నావు కదా? ఆ తొమ్మిది రోజుల్లో 250 గ్రాములు పెరిగింది. రోజుకు 28. ఆ తర్వాత 31 రోజుల్లో 950, రోజుకు 30 చిల్లర. ఈ వయసులో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరిగితే బాగున్నట్టే. డబ్బా వచ్చాక ఎక్కువైంది రోజుకు రెండు మూడు గ్రాములు, అంతే! తొట్టెల నాడు మీ ఇంటికి వచ్చిన చుట్టాల్లో ఒక్కరైనా ఆశమ్మ రాసిన కార్డు తీసి చూశారా?

పాలు చాలుతున్నాయా లేదా అన్నది ఏడుపు చెప్పదు, తడి గుడ్డలూ తూకమూ చెబుతాయి. మొదటి వారం దాటాక 24 గంటల్లో ఆరు, అంతకు మించి గుడ్డలు తడిస్తే, మూత్రం నీళ్లలా తెల్లగా ఉంటే, లోపలికి పోతున్నాయన్నమాట. డైపర్ వేస్తే లెక్క తెలియదు. ఓ నాలుగు రోజులు పాత చీర గుడ్డలు కట్టు. లెక్కపెట్టే పని అత్తమ్మకు గాని, పెద్దమ్మకు గాని అప్పగించు. నేను ఊరికే అనడం లేదు. "పాలు లేవు" అన్నవాళ్లే తలుపు వెనక దండెం మీద తొమ్మిదో గుడ్డ ఆరేస్తూ గమ్మున అయిపోవడం నేను ఎన్నిసార్లు చూశానో.

ఇక ఆ పొద్దూకి ఏడుపు. రెండు వారాల వయసు నుంచి పిల్లల ఏడుపు పెరుగుతూ వస్తది. ఆరు, ఎనిమిది వారాలప్పుడు గరిష్ఠం, మూడు నెలలకు దానంతట అదే తగ్గుతది. నీ పాప సరిగ్గా ఆ శిఖరం మీద ఉంది. పైగా చాలామంది పిల్లలు సాయంత్రం పూట గంటల తరబడి కొంచెం కొంచెంగా, మళ్లీ మళ్లీ తాగుతారు. రాత్రికి కడుపు నింపుకోవడమూ, రేపటికి పాలు ఆర్డరు పెట్టుకోవడమూ రెండూ ఆ తాగుడులోనే జరుగుతాయి. పాలు తయారయ్యే తీరు అదే, ఎంత ఖాళీ అయితే అంత ఊరతాయి. రొమ్ములో పాలు నిలవ ఉంటే "ఇక చాలు" అనే సంకేతం అక్కడే పుట్టి, తయారీ మందగిస్తది. ఆ టైములో నువ్వు 60 ఎంఎల్ సీసా పెట్టావనుకో, ఆ 60 ఎంఎల్ ఆర్డరు నీ ఒంటికి అందదు. మర్నాడు ఆ మేరకు తగ్గుతది. పాప మళ్లీ ఏడుస్తది. ఇంకో సీసా. ఒకటి మూడు ఎలా అయ్యాయో ఇప్పుడు అర్థమైందా?

సీసా పట్టగానే ఎందుకు పడుకుంటదంటావు. రబ్బరు ముట్టె నుంచి పాలు కష్టం లేకుండా కారతాయి, రెండు నిమిషాల్లో కడుపు గట్టిపడతది. డబ్బా పాలు అరగడానికి ఎక్కువ సేపు పడుతుంది కూడా. బరువైన భోజనం చేసి మనం కునుకు తీస్తాం, అలాగే. అంతమాత్రాన ముందు ఆకలితో ఉందని కాదు.

పాలు నీళ్ల లెక్క ఉన్నాయన్న మీ పెద్దమ్మ మాటకు నవ్వొచ్చింది గాని, ఆమె తప్పు లేదు. మనం పుట్టినప్పటి నుంచి చూసింది బర్రెపాలు. బర్రెపాలలో వెన్న 7 శాతం దాకా ఉంటది, మనిషి పాలలో దాదాపు 4. మాంసకృత్తులైతే బర్రెపాలలో నాలుగో వంతే మన పాలలో. దూడ పుట్టిన గంటల్లో లేచి నడవాలి, నెలల్లో క్వింటాలుకు దగ్గర కావాలి. మన పిల్ల ఏడాదికి నడుస్తది. ఎవరి పాలు వాళ్ల పిల్లలకు తగ్గట్టే ఉంటాయి. తల్లిపాలలో 87 వంతులు నీళ్లే, అందుకే ఆరు నెలల దాకా విడిగా నీళ్లు పట్టనక్కర్లేదు. మన రోహిణి కార్తెలోనైనా సరే. తేనె ఏడాది దాకా నాకించొద్దు. వస కొమ్ము అరగదీయడం, ఆముదం పోయడం, గ్రైప్ వాటర్, ఇవేవీ వద్దు. డాక్టరు విటమిన్ డి చుక్కలు రాసి ఉంటే మాత్రం రోజూ వేయి. అది తల్లిపాలలో తక్కువ. రాయకపోతే అడుగు.

రొమ్ములు మెత్తబడ్డాయి, జాకెట్టు తడవడం లేదు అన్నావు. ఆరు వారాలకు చాలామందికి అంతే. మొదట్లో ఒంటికి అంచనా తెలియక కుమ్మరిస్తది, తర్వాత పాప కొలత తెలుసుకుని ఆ మేరకే చేస్తది.

నా సంగతి ఒకటి చెప్తా. 1991లో నా పెద్దోడు పుట్టాడు, అప్పుడు కాజీపేట రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. నర్సుగా ఉద్యోగం చేస్తూ కూడా నేనే డబ్బా కొన్నాను. "నీకు పాలు లేవు" అని ఇంట్లో అన్నారు, నేను నమ్మాను. చదివిన చదువు పక్కన పెట్టి నమ్మాను. మూడో నెలకు నా పాలు పూర్తిగా ఇంకిపోయాయి. నాలుగో నెలలో వాడికి విరేచనాలు. సీసా రోజూ ఉడకబెట్టేదాన్నే. ఒక రాత్రి దీపం కింద పట్టి చూస్తే, ముట్టె లోపలి మడతలో గోరంత పాల పొలుసు, పులిసిన వాసన. ఆ వాసన ఇప్పటికీ నాకు సీసా చూస్తే గుర్తొస్తది. రెండోదానికి రెండేళ్లు పాలిచ్చాను. అదే ఒళ్లు, అదే రొమ్ములు. మారింది నేను ఎవరి మాట విన్నానన్నదే.

అయితే నా కోపం మీ అత్తమ్మ మీద కాదు. ఆపరేషన్ అయిన తల్లికి పాలు నిండుగా దిగాలంటే రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది, ఒక్కోసారి ఇంకో రోజు. అప్పటిదాకా వచ్చే పచ్చటి, చిక్కటి ముర్రుపాలు చుక్కలు చుక్కలుగానే ఉంటాయి. బిడ్డ పొట్ట కూడా అంతే. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. అంటే ఇప్పుడు సగం మందికి పైగా తల్లులు నీలాగే మొదలుపెడుతున్నారు. ఆ రెండు రోజులు పక్కన నిలబడి, తల్లిని పక్కకు తిప్పి పడుకోబెట్టి బిడ్డ నోట్లో రొమ్ము పెట్టే మనిషి లేకపోతే, పౌడర్ డబ్బా వచ్చి కూర్చుంటది. నీకు జరిగింది అదే. 1992 చట్టం ప్రకారం ఈ డబ్బాలకు ప్రకటనలు ఇవ్వకూడదు, డబ్బా మీద పసిపాప బొమ్మ కూడా వేయకూడదు. మీ ఇంట్లో డబ్బా తిప్పి చూడు, తల్లిపాలే మేలని దాని మీదే రాసి ఉంటది.

ఇప్పుడు ఆ పగుళ్ల సంగతి. ముందు ఇది సరిచేయకుండా డబ్బా మానేస్తే నొప్పితో నువ్వే ఓడిపోతావు. నొప్పి పుడుతోందంటే పాప చనుమొన ఒక్కటే నోట్లో పెట్టుకుంటోంది, చిగుళ్లతో నలుపుతోంది. నల్లటి వలయం కూడా ఎక్కువ భాగం నోట్లోకి పోవాలి. ఇలా చేసి చూడు. పాప పొట్ట నీ పొట్టకు ఆనాలి. మెడ ఒక్కటే తిరిగి ఉండకూడదు, తల నుంచి నడుము దాకా ఒకే గీతలో ఉండాలి. ముక్కుకు ఎదురుగా చనుమొన పెట్టి, పై పెదవికి తాకించు. తొందరపడకు. ఆవులిస్తున్నట్టు నోరు బాగా తెరిచేదాకా ఆగి, అప్పుడు బిడ్డను రొమ్ము మీదికి తీసుకురా. నువ్వు వంగి రొమ్మును బిడ్డ నోట్లో కుక్కొద్దు. గడ్డం ముందు ఆనుతుంది. కింది పెదవి బయటికి మడత పడి చేప నోరులా ఉంటది. నల్లటి వలయం పైన కొంచెం కనబడుతుంది, కింద కనబడదు. మొదట గబగబా చప్పరిస్తది, పాలు దిగగానే నెమ్మదిగా, లోతుగా, మింగేటప్పుడు "క" అన్నంత చిన్న చప్పుడు. బుగ్గలు సొట్టలు పడుతున్నాయంటే పట్టు సరిగా లేదు. చిటికెన వేలు నోటి మూలన పెట్టి విడిపించి, మళ్లీ మొదటి నుంచి. లాగొద్దు, లాగితేనే పగుళ్లు.

కుట్లు నొక్కుకుంటున్నాయంటే పక్కకు పడుకుని ఇవ్వు. లేదా పాపను చంక కింద పెట్టుకో, కాళ్లు నీ వెనక్కి పోయేలా. తాగించాక రెండు చుక్కల పాలు పిండి పగుళ్ల మీద రాసి గాలికి ఆరనివ్వు. సబ్బు పెట్టి కడగొద్దు. ఇంత చేసినా నాలుగు రోజులకు నొప్పి తగ్గకపోతే పాప నాలుక కింద పొర పట్టి ఉందేమో, నోట్లో తెల్లటి మచ్చలున్నాయేమో పిల్లల డాక్టరుకు చూపించు. రొమ్ములో ఒక చోట ఎర్రగా, వేడిగా గడ్డలా అయి చలిజ్వరం వస్తే అదే రోజు దవాఖానకు పో. ఆ వైపు పాలివ్వడం మాత్రం ఆపొద్దు. ఆపితే ఇంకా గడ్డ కడతది.

డబ్బా ఎలా తీయాలి? ఒక్కరోజులో కాదు. 180 ఎంఎల్ ఇప్పుడు పాప తూకంలో భాగమైంది, రాత్రికి రాత్రి తీసేస్తే నిజంగానే ఆకలితో ఏడుస్తది. ముందు మూడు రోజులు డబ్బా అలాగే ఉంచి, రొమ్ముకు పెట్టే సార్లు పెంచు. 24 గంటల్లో పది, పన్నెండు సార్లు. ఎప్పుడూ రొమ్ము ముందు, డబ్బా తర్వాత. సీసా తీసి అటక మీద పెట్టు, ఉగ్గుగిన్నెతో పట్టు. మీ అమ్మకో నాయనమ్మకో దాంతో పట్టడం వచ్చే ఉంటది. తర్వాత రెండు మూడు రోజులకోసారి మొత్తంలోంచి 30 తగ్గించు. 180, 150, 120, ఇలా. ముందు రాత్రి పట్టేదాన్ని తీసెయ్యి. పాలు చేసే హార్మోను రాత్రిపూటే ఎక్కువ ఉంటది, ఆ పూట పాప తాగితే నీకు లాభం. ఇరవై రోజుల పని ఇది. వారానికి 140 గ్రాముల కంటే తక్కువ పెరిగితే తగ్గించడం ఆపి డాక్టరుకు చూపించు. చివరికి రోజుకు 60 డబ్బా మిగిలిపోయిందనుకో, అది పాపం కాదు, నేరం కాదు. ఒక్కటి గుర్తుంచుకో, పౌడర్ ఒక కొలతకు నీళ్లు ఎంతని డబ్బా మీద రాసి ఉందో అంతే. ధర చూసి నీళ్లు పెంచే ఇళ్లు నేను చాలా చూశాను.

నీ తిండి గురించి నువ్వేం రాయలేదు గాని, పత్యం పేరుతో కారప్పొడి అన్నమే పెడుతున్నారని ఊహిస్తున్నా. ఎల్లిపాయ, మెంతులు తిను, మంచిదే. దాంతోపాటు పప్పు, ఆకుకూర, గుడ్డు, జొన్నరొట్టె, పెరుగు అన్నీ తిను. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అంటే ఇంకో పూట భోజనం. నీళ్లు తాగితే పొట్ట వస్తదని, కుట్లు చీము పడతాయని ఆపుతారు. వినకు, దాహమైనప్పుడల్లా తాగు. అంగన్‌వాడీలో బాలింతలకు ఒక పూట భోజనం, గుడ్డు, 200 ఎంఎల్ పాలు ఇస్తారు. పేరు రాయించుకో, సిగ్గుపడకు.

దుబాయి నుంచి చూసే ఆయనకు ఆ కార్డు ఫొటో తీసి పంపు. ఫోన్ తెరలో పిల్లలందరూ బక్కగానే కనబడతారు.

స్కూలు సంగతి. 2017లో చట్టం మారి ప్రసూతి సెలవు 26 వారాలైంది, మొదటి ఇద్దరు పిల్లలకు. పాపకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజులో రెండు విరామాలు కూడా చట్టంలో ఉన్నాయి. ప్రైవేటు స్కూళ్లలో దీన్ని ఎంత మంది పాటిస్తారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కాగితం మీద రాసి అడుగు, నోటి మాటగా కాదు. పోవాల్సి వస్తే రెండు వారాల ముందు నుంచి చేత్తో పిండడం నేర్చుకో. వలయం వెనక బొటనవేలు, చూపుడువేలు పెట్టి ఛాతీ వైపు నొక్కి, తర్వాత ముందుకు. పాలు గది వాతావరణంలో నాలుగు గంటలు, మన ఎండల్లో అంత కూడా నిలవవు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయంటారు గాని, కరెంటు పోయే ఊళ్లో ఒక్క రోజుకు మించి పెట్టొద్దు. వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చేయాలి, పొయ్యి మీద కాదు.

రాత్రిళ్లు ఏడుస్తున్నానన్నావు. నిద్ర లేక, నొప్పికి ఏడిస్తే పట్టు కుదిరాక తగ్గుతది. పగలు కూడా ఏ పనీ చేయబుద్ధి కాక, పాపను ఎత్తుకోవాలనే అనిపించక, రెండు వారాలకు మించి అలాగే ఉంటే అది నీ బలహీనత కాదు, బాలింతలకు వచ్చే జబ్బు. మందుంది. 14416కు ఫోన్ చేయి, మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన నంబరు అది, ఏ టైముకైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. మీ అమ్మకు కూడా చెప్పు, దాచకు.

పాప విషయంలో భయపడాల్సినవి వేరే ఉన్నాయి. తాగడానికి లేవకుండా మగతగా పడి ఉండటం, గుడ్డలు రోజుకు నాలుగు కంటే తక్కువ తడవడం, ఒళ్లు కాలడం. ఈ వయసులో జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగొద్దు. హుజూరాబాద్ సర్కారు దవాఖానకు పో. అక్కడి నుంచి పంపిస్తే వరంగల్ ఎంజీఎంకు.

పది రోజులకోసారి తూకం వేయించి రాసి పంపు. ఒకే తూకం మీద, ఒకే పూట, బట్టలు విప్పి. ఆశమ్మ వేలాడేసే జోలె తూకానికీ, దవాఖానలో పళ్లెం తూకానికీ వంద గ్రాముల తేడా వస్తది. ఆ వంద గ్రాములు చూసి మీ ఇంట్లో మళ్లీ డబ్బా దించుతారు.